అప్‌డేట్‌కి ముందు ఒక నోటుబుక్కు

ఈసీఐఎల్ చౌరస్తా నుంచి నాగారం మీదుగా కీసర వెళ్లే దారిలో ఫ్లెక్సీ షాపులు, జిరాక్సు సెంటర్లు, పెళ్లికార్డులు డిజైన్ చేసే చిన్న చిన్న గదులు కనిపిస్తూనే ఉంటాయి. మాఘమాసం ముహూర్తాలూ కీసరగుట్ట శివరాత్రి జాతరా దగ్గర పడితే ఆ గదుల్లో అర్ధరాత్రి దాటినా లైట్లు ఆరవు. అలాంటి రాత్రి గడిచాక, పొద్దున్నే సిస్టం ఆన్ చేసి శుభలేఖ తెరిస్తే, వధూవరుల పేర్లు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ కలగలిసి కనబడ్డాయనుకోండి. డీటీపీ చేసేవాళ్లకు ఆ గుండెదడ ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. అప్పుడు కంగారుపడి సేవ్ కొట్టి ఫైలు మూసేయకండి. చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది, ఫాంటే దొరకడం లేదు.

మన దగ్గర ఎక్కువ పని ఇప్పటికీ అను, శ్రీలిపి లాంటి యూనికోడ్ కాని ఫాంట్లతోనే నడుస్తోంది. వీటిలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు తీసేస్తే అడుగున ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. ఈ ఫాంట్లతో మనం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. 2004 తర్వాత అడోబీ దాన్ని అభివృద్ధి చేయడం మానేసింది. అంటే కొత్త విండోస్ వచ్చినప్పుడల్లా దీన్ని సరిచేసి పంపేవాళ్లు ఎవరూ లేరు. విండోస్ తనవాటిని తను చూసుకుంటుంది. సీడీలోంచో పెన్‌డ్రైవ్‌లోంచో మనం చేత్తో ఎక్కించుకున్నదాని మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి.

విండోస్ సొంత ఫాంట్లకు కూడా చోటు మారుతుంది. ఎక్స్‌పీ కాలం నుంచి తెలుగువాళ్లకు అలవాటైన గౌతమి ఫాంటును, వాణితో పాటు, విండోస్ 10లో అదనపు ఫాంట్ల కిందికి మార్చారు. పాత వర్డ్ ఫైల్లో గౌతమి కనబడకపోతే నెట్‌లో ఎక్కడెక్కడో వెతకొద్దు. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, దాన్ని చేర్చుకుంటే చాలు.

ఫాంట్ల దగ్గరే ఇంకో మెలిక ఉంది. విండోస్ 10లో 2018 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి, ఫాంటు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అంటే అది ఆ ఒక్క యూజర్ ఫోల్డర్లోకే పోతుంది. యూజర్ మారితే కనబడదు, కొన్ని పాత ప్రోగ్రాములకైతే అసలే కనబడదు. ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అన్నది ఎంచుకుంటేనే విండోస్ ఫాంట్స్ ఫోల్డర్లోకి చేరుతుంది. ఎప్పుడూ దాన్నే ఎంచుకోండి.

నెలవారీ అప్‌డేట్లతో సాధారణంగా ప్రోగ్రాములు పోవు. మన కష్టం ఆవిరయ్యేది వెర్షన్ మారేటప్పుడు, ఫార్మాట్ కొట్టేటప్పుడు. విండోస్‌లో రీసెట్ అని ఒకటుంది. అది కీప్ మై ఫైల్స్ అంటుంది. ఆ మాట చూసి అన్నీ ఉంటాయనుకుని నొక్కినవాళ్లు చాలామంది. ఫైళ్లు ఉంటాయి, కానీ మనం వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. పోయినవాటి జాబితా మాత్రం డెస్క్‌టాప్ మీద పెడుతుంది. పాత విండోస్ మీదే కొత్తది ఎక్కించేటప్పుడు కూడా ఫైళ్లూ ప్రోగ్రాములూ రెండూ ఉంచాలా, ఫైళ్లు మాత్రమేనా అని అడుగుతుంది. పని చేసేది మెకానిక్కే అయినా ఆ తెర వచ్చినప్పుడు మీరు పక్కనే ఉండండి. సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ షాపుకి తీసుకెళ్లి సీపీయూ ఇచ్చేసి, సాయంత్రం వస్తానని బయల్దేరకండి.

ఇప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. 32 బిట్ సిస్టంలో ఏళ్ల తరబడి నడిచిన డాంగిల్ డ్రైవర్లు, పాత ప్రింటర్ డ్రైవర్లు 64 బిట్‌లో పనిచేయవు. ఫ్లెక్సీ మిషన్‌ను నడిపే రిప్ సాఫ్ట్‌వేర్‌కీ, మీసేవ లాంటి సెంటర్లలో వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి ముందు డ్రైవర్ దొరుకుతుందో లేదో కనుక్కోండి, ఆ తర్వాతే విండోస్ మార్చండి. చాలామంది ఈ వరస తిరగేసి చేసి, నడిసీజన్లో మిషన్ ఆపుకుని కూర్చుంటున్నారు.

నేను పట్టుబట్టి చెప్పేది నోటుబుక్కు గురించి. కంప్యూటర్లో కాదు, కాగితం మీద రాయండి. ప్రోగ్రాము పేరు, వెర్షను, సీరియల్ నంబరు, ఎవరి దగ్గర కొన్నారో, సెటప్ ఫైలు ఎక్కడుందో రాసి పెట్టుకోవాలి. అను స్క్రిప్ట్ మేనేజర్లో మీ వేళ్లకు అలవాటైన కీబోర్డు యాపిలా, మాడ్యులరా? అదీ రాయాలి. ఆపరేటర్ మానేసి వెళ్లిపోయాక ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరిచి, పైనుంచి కిందిదాకా ఫోన్‌తో ఫొటోలు తీస్తే రెండు నిమిషాల పని. సెటప్ ఫైళ్లూ ఫాంట్ల ఫోల్డరూ డ్రైవర్లూ కలిపి ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో వేసి, ఆ డిస్కును ఇంట్లో పెట్టండి. డీ డ్రైవ్‌లో ఉన్నాయిగా అనుకోవద్దు. హార్డ్‌డిస్కు పోతే సీ, డీ రెండూ కలిసే పోతాయి. ట్యాలీ ఉంటే ఫార్మాట్‌కి ముందు లైసెన్స్ సరెండర్ చేయాలి. డేటా ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఉందో చూసుకుని కాపీ తీయాలి. బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే రికవరీ కీ కూడా ఆ నోటుబుక్కులోకే ఎక్కాలి.

పూర్తయిన ప్రతి పనికీ రెండు కాపీలు ఉంచుకోండి. ఒకటి దిద్దుకోవడానికి వీలున్న అసలు ఫైలు. రెండోది ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్, లేదా కోరెల్‌లో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసినది. ఫాంటు పోయినా రెండో కాపీ ప్రింటుకు వెళ్తుంది. కస్టమర్ ముందు తల దించుకోనక్కర్లేదు.

ఇదంతా విని, అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేస్తే పోలా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు సహా పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, అంటే దాదాపు రెండు నెలల ముందే. వచ్చిన వెంటనే వేయడంలోనూ ప్రమాదం లేకపోలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌కి ప్రపంచంలో 85 లక్షల విండోస్ మిషన్లు ఆగిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు విడుదల చేస్తుంది. మనకు అవి ఆ రాత్రో బుధవారమో చేరతాయి. వారం పాటు పాజ్‌లో పెట్టి, ఆర్డర్లు తక్కువున్న రోజు చూసుకుని, బ్యాకప్ తీసి వేసుకోండి. అయిదు వారాల దాకా పాజ్ చేసే వీలుంది. మూఢం రోజుల్లో పెళ్లికార్డుల పని ఎలాగూ ఉండదు కదా, పెద్ద వెర్షన్ మార్పు అప్పుడే పెట్టుకోండి.

పేజ్‌మేకర్ కొత్త విండోస్‌లో మొరాయిస్తే ముందు రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి చూడండి. అప్పటికీ కుదరకపోతే పాత సిస్టంని అమ్మేయకుండా, ఇంటర్నెట్ వైరు తీసేసి, ఆ ఒక్క పనికే అట్టిపెట్టుకోండి. కొత్త పనులు మాత్రం మెల్లగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సీఎస్6 నుంచే వరల్డ్ రెడీ కంపోజర్‌తో తెలుగు యూనికోడ్ కూర్చుకోవచ్చు.

కీసర చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో లైనక్స్ వాడే పిల్లలకు ఒక మాట. సోర్సు నుంచి కంపైల్ చేసుకున్నది యూఎస్ఆర్ కింద ఉండే లోకల్ ఫోల్డర్లోనో, ఆప్ట్ ఫోల్డర్లోనో పెట్టండి. సిస్టం అప్‌డేట్లు లోకల్ ఫోల్డర్‌ని తుడిచిపెట్టకూడదన్నది ఫైల్ వ్యవస్థ ప్రమాణాల్లోనే ఉంది. నేరుగా యూఎస్ఆర్ బిన్‌లో పెడితే ప్యాకేజీ మేనేజర్ ఏదో ఒక రోజు దాని మీద తనది రాసేస్తుంది. ఉబుంటు వెర్షన్ మారేటప్పుడు బయటి రిపాజిటరీలు డిజేబుల్ అవుతాయి. వాటిని మళ్లీ మీరే ఎనేబుల్ చేసుకోవాలి.

వెర్షన్ మార్చిన రోజున కొత్త ఆర్డర్ మొదలుపెట్టకండి. కిందటేడాది చేసిన శుభలేఖ ఒకటి తెరవండి, ఒత్తులు, వట్రసుడులు సరిగా ఉన్నాయో చూడండి, నాలుగు లైన్లు టైపు చేయండి, డాంగిల్ పెట్టి ఒక కార్డు ప్రింటు తీయండి. తేడా వస్తే, వెనక్కి వెళ్లడానికి విండోస్ మామూలుగా పది రోజులు గడువిస్తుంది. పాత విండోస్ అంతా అన్నాళ్లూ విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్లో ఉంటుంది. జాగా చాలా తింటోందని ఎవరు చెప్పినా సరే, ఆ పది రోజులూ డిస్క్ క్లీనప్ జోలికి పోకండి.