గారంటీ కార్డు చదివి కొందాం

సంఘంలో పొదుపు చేసిన డబ్బుతో ఫ్రిజ్ కొనడానికి రాజాం వెళ్తున్నారా?

"పదేళ్ల గారంటీ అమ్మా!" అంటాడు కొట్టాయన.

"దేనికి బాబూ పదేళ్లు?" అని అడగండి. కార్డు మీరే చదవండి. చాలా ఫ్రిజ్‌లకు మొత్తం గారంటీ ఒక్క ఏడాదే. పదేళ్లన్నది కంప్రెషరుకే. అప్పుడు కూడా గ్యాసుకు, కూలికి డబ్బు అడగవచ్చు.

"ఇంకొంత కట్టండి, గారంటీ పెంచుతాం" అంటారు. ఏయే భాగాలకో, ఎన్నేళ్లకో కాగితంలో చూడకుండా కట్టకండి.

బిల్లు తప్పక తీసుకోండి. కార్డు మీద తేదీ వేయించండి. కొట్టు ముద్ర వేయించండి. రెండూ దాచండి.

గారంటీ ఉన్నా బాగుచెయ్యడం లేదా? 1915కు ఫోన్ చెయ్యండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా ఫిర్యాదు చెయ్యవచ్చు. 5 లక్షల రూపాయల వరకు ఫీజు లేదు.

చెప్పండి: మీ ఇంట్లో ఏ వస్తువు బిల్లు ఉంది?