ఇంజను ఎందుకు వణుకుతుంది? – తొలి కార్లు నేర్పిన పాఠం

మన హాస్టల్‌లో చదివిన వారిలో కొందరు ఐ.టి.ఐ., పాలిటెక్నిక్‌లకు వెళ్తుంటారు. ఇంజను వణికితే మొదట దేన్ని విప్పాలి అన్న ప్రశ్న వారికి తప్పక ఎదురవుతుంది. ఎలక్ట్రానిక్ పరికరాలేవీ లేని వందేళ్ళ క్రితం ఇంజనీర్లు ఈ చిక్కును ఎలా విప్పారో తెలుసుకుందాం.

లెక్కే తొలి మెట్టు: నిమిషానికి 1,200 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 20 చుట్లు తిరుగుతుంది. వణుకు కూడా సెకనుకు 20 సార్లే వస్తే, ఫ్లైవీలు వంటి తిరిగే భాగాల బరువులో తేడా ఉందని అనుమానించాలి. 10 సార్లే వస్తే ఒక సిలిండరు సరిగా మండడం లేదేమో చూడాలి. ఎందుకంటే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారే మండుతుంది. వరుసగా నాలుగు సిలిండర్లున్న ఇంజనులో 40 సార్లు వచ్చే వణుకు మాత్రం పుట్టుకతో వచ్చిందే. రెండు పిస్టన్లు పైకి వెళ్తే రెండు కిందికి వస్తాయి. కానీ కనెక్టింగ్ రాడ్డు వాలుగా కదలడం వల్ల వాటి బలాలు పూర్తిగా రద్దు కావు.

ఈ లెక్క కట్టడానికి ఫ్రామ్ మీటరు ఉండేది. అందులో వేర్వేరు పొడవుల ఉక్కు రేకులు వరుసగా ఉంటాయి. ఏ రేకు బాగా ఊగితే దాని ఎదురుగా ఉన్న అంకే వణుకు సంఖ్య.

ఏ సిలిండరులో లోపం?: 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో ఒక్కో సిలిండరుకు ఒక్కో కాయిల్ ఉండేది. ఇంజను నడుస్తుండగా ఒక కాయిల్ మీద అదిరే రేకును నొక్కిపడితే ఆ సిలిండరులో నిప్పురవ్వ ఆగుతుంది. ఇంజను ఇంకా కుంటితే ఆ సిలిండరు మంచిదే. ఏ తేడా లేకపోతే లోపం అక్కడే!

ఒకే వేగంలో వణికితే?: ఆరు సిలిండర్ల ఇంజనులో పిస్టన్ల బలాలు చక్కగా రద్దవుతాయి. కానీ పొడవైన క్రాంక్ షాఫ్టు పిండిన గుడ్డలా మెలితిరిగి వెనక్కి వస్తుంది. సరైన సమయంలో తోస్తే ఊయల ఊపు పెరిగినట్లు, ఒకానొక వేగంలో ఈ మెలిక పెరిగిపోతుంది. రోల్స్ రాయిస్ వారి తొలి ఆరు సిలిండర్ల 30 హార్స్ పవర్ కార్లలో క్రాంక్ షాఫ్టులు ఇలాగే విరిగాయి. 1906లో వచ్చిన 40/50 మోడల్‌కు గట్టి షాఫ్టు, ఏడు బేరింగులు పెట్టారు. 1910లో ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ షాఫ్టు కొసన నూనెలో తిరిగే పలకలతో చిన్న ఫ్లైవీలు అమర్చే పద్ధతి చూపాడు. మెలిక శక్తిని ఆ రాపిడే మింగేస్తుంది.

మిత్రులారా! పానా పట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. వణుకు ఏ వేగంలో వస్తోంది? చుట్టుకు ఎన్నిసార్లు వస్తోంది? దేన్ని ఆపితే మారుతోంది? నీళ్ళ మోటారుకైనా, ఆటోకైనా ఇవే ప్రశ్నలు. కారణం తెలియకుండా విప్పితే మంచి భాగమూ పాడవుతుంది, బీదవాడి డబ్బూ వృథా అవుతుంది. కారణం తెలుసుకుని విప్పినవాడే అసలైన మెకానిక్ అని మా నమ్మకం.