అన్నం మానేశాక కంచంలో ఏముండాలి

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కొత్తగా దిగిన మన పిల్లల ఇంటికి వెళ్తే వంటింట్లో ముందు రెండే కనిపిస్తాయి. ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా, దాని పక్కన కందిపప్పు ప్యాకెట్టు. అమెరికాలో నెలంతా కడుపు నింపుకోవడానికి ఇంతకన్నా చవకైన దారి నాకు తెలీదు. 2016లో వచ్చినప్పుడు నేనూ అలాగే గడిపాను. ఏడాది తిరిగేసరికి 9 కిలోలు పెరిగాను. నడక పోయింది, కారు వచ్చింది, రాత్రి పదింటికి ఇల్లు చేరి పెద్ద కంచం నిండా అన్నం తినడం అలవాటైంది.

అప్పుడు కీటో మొదలుపెట్టాను. తొలిసారి రెండు వారాలకే ఆపేయాల్సి వచ్చింది. ఆకలికి తట్టుకోలేక కాదు, డబ్బులు చాలక. బాదం పిండి, కీటో బ్రెడ్, కీటో కుకీలు, అవకాడో నూనె కొనేసరికి నెల సరుకుల డబ్బు పదిహేను రోజుల్లో అయిపోయింది. ఏడాది తర్వాత మళ్లీ మొదలుపెట్టి ఏడు నెలలు చేశాను. ఆ ఏడు నెలల్లో పైన కీటో అని రాసి ఉన్న వస్తువు ఒక్కటీ కొనలేదు. మన కూరలే తిన్నాను, కాకపోతే కూర ఎక్కువ, అన్నం సున్నా. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే.

కీటో అంటే మన ఊళ్లలో చాలామందికి వీరమాచనేని రామకృష్ణగారి పేరు, కొబ్బరి నూనె, నిమ్మకాయలు గుర్తొస్తాయి. దీని మూలం ఇంకా పాతది. మూర్ఛ రోగుల కోసం 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ఈ ఆహారానికి కీటోజెనిక్ అని పేరు పెట్టాడు. పిండిపదార్థాలు రోజుకు 20 నుంచి 50 గ్రాముల లోపుకి తగ్గిస్తే, ఒంట్లో చక్కెర నిల్వలు అయిపోయి కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారు చేస్తుంది. వండిన అన్నం ఒక కప్పులో 45 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఉడికిన కందిపప్పు కప్పుకి పీచు తీసేసినా 28 గ్రాములు ఉంటుంది. అంటే పప్పన్నం ఒక్క పూట తిన్నా ఆ రోజుకి లెక్క దాటిపోయినట్టే.

ఖర్చు సంగతి దాచకుండా చెప్తాను. ఎంత పొదుపుగా చేసినా కీటో పప్పన్నం కంటే ఖరీదే. అందుకే వచ్చిన మొదటి నెలలో మొదలుపెట్టొద్దు. అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ నంబరు, బస్సు దారులు, క్లాసులు ఓ దారికి వచ్చేదాకా అన్నమే తినండి. చేతిలో వచ్చే నెల అద్దె లేని మనిషి డైట్ గురించి ఆలోచించాల్సిన పని లేదు.

అంతకన్నా ముఖ్యమైనది మందుల సంగతి. షుగరుకి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ గానీ వాడేవాళ్లు అన్నం మానేసి అదే మోతాదు వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకైతే మీటర్లో చక్కెర మామూలుగానే కనిపిస్తుండగా రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. బీపీ మాత్రలు వాడేవాళ్లకి బీపీ మరీ తగ్గి కళ్లు తిరగొచ్చు. ఇండియా నుంచి ఆరు నెలల మాత్రలు డబ్బాలో పెట్టుకొచ్చిన అమ్మానాన్నలతో, డాక్టరుని అడక్కుండా దీన్ని చేయించకండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకండి. మనవాళ్లకి గుండెజబ్బులు చిన్న వయసులోనే వస్తాయని వైద్యులు ఎప్పట్నుంచో చెబుతున్నారు. ఈ తిండితో కొందరికి చెడ్డ కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. విమానం ఎక్కకముందే మీ ఊళ్లో లిపిడ్ ప్రొఫైల్, షుగర్, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుని ఆ కాగితం తెచ్చుకోండి. అక్కడ కొన్ని వందల రూపాయల్లో అయ్యే పనికి ఇక్కడ ఇన్సూరెన్స్ లెక్కలు చూసుకోవాలి. మూడు నెలలకి మళ్లీ చేయించి రెండు కాగితాలూ పక్కన పెట్టుకుని చూడండి.

ఇక బజారు. అమెరికాలో దొరికే మాంసంలో అన్నిటికన్నా చవకైనది చికెన్ లెగ్ క్వార్టర్స్. తొడ, కాలు కలిసి, చర్మంతో, ఎముకతో పది పౌండ్ల సంచిలో వస్తాయి. వాల్‌మార్ట్‌లో ఉంటాయి, మెక్సికన్ దుకాణాల్లో ఇంకా తాజాగా ఉంటాయి. నేను కొనే చోట పౌండు డాలరు చుట్టుపక్కలే. ఎముక లేని బ్రెస్ట్ ముక్కలకి దానికి రెండు మూడింతలు పెట్టాలి, పైగా వాటిలో కొవ్వు ఉండదు. కీటోకి కావాల్సిందే ఆ కొవ్వు. సంచి ఇంటికి తేగానే మోకాలి దగ్గర కోసి నాలుగు భాగాలు చేయండి. ఒకటి ఆ పూటకి, మూడు ఫ్రీజర్లోకి. వెనక ఎముకలు పారేయకండి, వాటి పని కింద చెప్తాను. హలాల్ కావాలంటే మన దుకాణాల్లోనూ పాకిస్తానీ దుకాణాల్లోనూ దొరుకుతుంది, ధర కొంచెం ఎక్కువ. మేక మాంసం పండక్కి ఉంచుకోండి.

గుడ్లు మంచివే, ఒక్కోదానిలో 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పిండిపదార్థం లేనట్టే. కానీ డైట్ మొత్తం వాటి మీదే నిలబెట్టకండి. బర్డ్ ఫ్లూ వల్ల 2025 మార్చిలో ఇక్కడ డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటింది. పొద్దున మూడు, రాత్రి మూడు గుడ్లతో నెట్టుకొస్తున్నవాళ్లు అప్పుడు చాలా ఇబ్బంది పడ్డారు. గుడ్లు ప్రియమైన రోజుల్లో డబ్బా సార్డీన్లు, ట్యూనా ఆదుకుంటాయి. నూనెలో నిలవ చేసిన సార్డీన్లని వెల్లుల్లి, కారం, కరివేపాకుతో వేయిస్తే మన చేప వేపుడులాగే ఉంటుంది.

చేపలకి చైనీస్, వియత్నమీస్ బజార్లకి వెళ్లండి. ఫ్రీజర్లో కానాగంతల జాతి చేపలుంటాయి, కొవ్వు ఎక్కువ, ధర తక్కువ. తాజా చేపైతే కౌంటర్ దగ్గర శుభ్రం చేసి ముక్కలు కొట్టిస్తారు, సాధారణంగా దానికి విడిగా డబ్బు తీసుకోరు. కాకరకాయ, బీరకాయ, పొడుగు వంకాయ మన దుకాణం కంటే అక్కడే చవక కావడం నేను చాలాసార్లు చూశాను. గోంగూర, దొండకాయ, కరివేపాకు కోసం మాత్రం మన దుకాణానికే వెళ్లాలి. క్యాబేజీ, ఫ్రీజర్లో పెట్టిన పాలకూర, కాలీఫ్లవర్, బెండకాయ ముక్కలు ఆల్డీలోనో వాల్‌మార్ట్‌లోనో వాళ్ల సొంత బ్రాండువి తీసుకోండి. ఆల్డీలో బండి తీయాలంటే క్వార్టర్ నాణెం ఉండాలి, బండి తిరిగి పెట్టాక అది తిరిగొస్తుంది. కాస్ట్‌కోలో వండిన కోడి మొత్తం 4.99 డాలర్లే. ఒక్క దానికోసం ఏటా 65 డాలర్ల సభ్యత్వం తీసుకోకండి, సభ్యత్వం ఉన్న స్నేహితుడు వెళ్లేటప్పుడు వెంట వెళ్లండి.

నెయ్యి కొనకండి, కాచుకోండి. ఉప్పు లేని వెన్న ఒక పౌండు, అంటే నాలుగు కడ్డీలు, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నటి సెగ మీద పెట్టండి. ఇక్కడి వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు ఉండాలన్నది చట్టం, అందుకని 350 గ్రాముల దాకా నెయ్యి దిగుతుంది. చివర్లో కాస్త కరివేపాకు వేస్తే వంటిల్లంతా మన ఇంటి వాసన వస్తుంది. ఒంటరిగా ఉన్న రోజుల్లో ఆ వాసన విలువ నాకు బాగా తెలుసు.

కూర వండే తీరు కొంచెం మార్చాలి. మన కూరల్లో పిండిపదార్థం ఎక్కువగా వచ్చేది ఉల్లిపాయలోంచి. ఒక మోస్తరు ఉల్లిపాయలో 8 గ్రాములు ఉంటుంది. నలుగురి కూరకి నాలుగు ఉల్లిపాయలు కోసి టమాటా గుజ్జు పోస్తే, అన్నం తినకపోయినా లెక్క తప్పుతుంది. గిన్నెకి ఒక్క ఉల్లిపాయ చాలు. చిక్కదనానికి క్యాన్‌లో వచ్చే కొబ్బరి పాలు పోయండి, పంచదార కలపనివి చూసుకుని. నువ్వులు, ఎండుకొబ్బరి నూరి వేసినా బాగుంటుంది. చింతపండు గుజ్జులో చక్కెర ఎక్కువ, అందుకని పులుపు గోంగూర నుంచో నిమ్మకాయ నుంచో తీసుకోవాలి. గోంగూర చికెన్ నా దృష్టిలో కీటో కోసమే పుట్టిన కూర. లెగ్ క్వార్టర్ ముక్కలు వాటి కొవ్వులోనే వేగి, గోంగూర దగ్గరపడి, పైన నూనె తేలేదాకా వండితే పక్కన అన్నం లేదన్న బాధ చాలావరకు పోతుంది.

అయినా అన్నం లాంటిదేదో కంచంలో ఉండాలని మనసు అడుగుతుంది. నన్నూ అడిగింది. కాలీఫ్లవర్‌ని తురిమి, నీళ్లు పోయకుండా మూకుట్లో ఐదు నిమిషాలు వేయించండి, మూత పెడితే మెత్తబడి వాసనొస్తుంది. అందులో ఆవాలు, పచ్చిమిర్చి, ఇంగువ, గుప్పెడు వేరుశనగపప్పు పోపు పెట్టి నిమ్మకాయ పిండితే పులిహోర తిన్నట్టుంటుంది. క్యాబేజీని సన్నగా తరిగి నేతిలో ఉప్మాలా చేసుకోవచ్చు, అన్నిటికన్నా చవక అదే. తోటకూర, మెంతికూర దొరికితే వదలకండి.

శాకాహారులకి ఇది కష్టమైన దారి, ఖర్చు కూడా ఎక్కువ. పప్పులన్నీ పోతాయి, మిగిలేవి పనీరు, టోఫు, పెరుగు, వేరుశనగ, నువ్వులు. ఒక గాలన్ హోల్ మిల్క్ విరగ్గొడితే సుమారు అర కిలో పనీరు వస్తుంది. టోఫు చైనీస్ బజారులో చాలా చవక. దాన్ని బట్టలో చుట్టి, బరువు పెట్టి, నీరంతా పిండేశాక ఉప్పూ కారం పట్టించి వేయించండి. చాలామంది టోఫు చప్పగా ఉందని మానేసేది ఆ నీరు తీయకుండా వండటం వల్లే. గుడ్డు కూడా తినని శాకాహారులు పూర్తి కీటో కంటే అన్నం సగానికి తగ్గించి కూర రెట్టింపు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మొదటి వారం తలనొప్పి, నీరసం, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి. పిండిపదార్థాలు తగ్గగానే ఒంట్లోంచి నీరూ ఉప్పూ బయటికి పోతాయి. దీనికోసం ఎలక్ట్రోలైట్ పొడుల ప్యాకెట్లు అమ్ముతారు, అవి ఖరీదు. ఇందాక దాచమన్న కోడి ఎముకల్ని మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పుతో గంటసేపు మరిగించి వడగట్టండి. ఆ చారు రోజుకి రెండు గ్లాసులు తాగితే చాలామందికి సరిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరుని అడిగే చేయాలి. గుండె దడ వస్తే గానీ వాంతులు ఆగకపోతే గానీ చారుతో సరిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్యాకెట్టు వెనక చదవడం నేర్చుకోండి. అమెరికా లేబుల్‌లో టోటల్ కార్బోహైడ్రేట్ అన్న అంకెలో పీచు కూడా కలిసి ఉంటుంది, దాన్ని తీసేయాలి. లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్నవాళ్లు మళ్లీ తీసేయకూడదు, అక్కడి అంకెలో పీచు ముందే వేరుగా ఉంటుంది. నెట్ కార్బ్స్ అని ముందువైపు పెద్దక్షరాలతో రాసేదానికి ఇక్కడ ప్రభుత్వ నిర్వచనం లేదు. కీటో చాక్లెట్లలో మాల్టిటాల్ ఉంటే కడుపు చెడుతుంది, చక్కెరా పెరుగుతుంది.

పెట్టెలో ఏం తెచ్చుకోవాలని అడుగుతుంటారు. ఆవకాయ, నువ్వుల పొడి, అవిసె గింజల పొడి, కరివేపాకు కారం తెచ్చుకోండి. కందిపొడి ఈ డైట్‌లో పనికిరాదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. ఇండియా నుంచి మాంసం పదార్థాలు తేవడానికి అనుమతి లేదు, చెప్పకుండా తెస్తే జరిమానా పడొచ్చు. అమ్మ చేత్తో పెట్టిన పచ్చడిని చెత్తబుట్టలో వేస్తుంటే చూడటం చాలా కష్టం.

చివరగా రూమ్మేట్ల సంగతి. నలుగురు కలిసి ఉండే ఇంట్లో సరుకుల లెక్క నాలుగు భాగాలు చేస్తారు. మీరు అన్నం మానేసి చికెన్ రెట్టింపు తింటే రెండో వారానికే ముఖాలు మారతాయి. నేను చేసిన ఏర్పాటు ఇది: బియ్యం, పప్పు, బంగాళాదుంపల ఖర్చులోంచి నన్ను తీసేయమన్నాను, గుడ్లు, వెన్న, కాలీఫ్లవర్ నావి నేనే కొనుక్కున్నాను, చికెన్‌లో రెండు వాటాలు ఇచ్చాను. ఆదివారం పొద్దున పెద్ద గిన్నె కూర నేనే వండేదాన్ని, బంగాళాదుంప వేయకుండా, ఉల్లిపాయ తగ్గించి. వాళ్లు అన్నంలో కలుపుకునేవాళ్లు, నేను కూరే తినేదాన్ని. వండే పని నాదే కాబట్టి గిన్నెలు కడిగే వంతు నాకు వేయలేదు.