మంగమ్మ ఇంటి బడి

మంగమ్మది పల్నాడులో ఒక మిరప ఊరు. భర్త కోటయ్య కౌలు రైతు. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. నాగమణి ఏడో తరగతి. శ్రీను మూడో తరగతి. ఇంట్లో కోటయ్య తల్లి అంకమ్మ కూడా ఉంది.

ఇది ఒక ఇంటి కథ. ఇలాంటి ఇల్లు మీ ఊళ్ళోనూ ఉండవచ్చు.

మంగమ్మ చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, రాత్రి కేంద్రంలో చదువు నేర్చుకుంది. సంతకం వచ్చింది. గుణింతాలు వచ్చాయి. చిన్న చిన్న పాఠాలు కూడబలుక్కుని చదివేది. తర్వాత కేంద్రం అయిపోయింది. ఆరు నెలలు పుస్తకం ముట్టలేదు. ఒకరోజు బస్సు బోర్డు చదవబోతే ఒత్తులు గుర్తు రాలేదు.

"వాడని కొడవలికి తుప్పు పట్టినట్టు అయింది నా చదువు" అనుకుంది మంగమ్మ.

జూన్: బడి తెరిచారు

జూన్ నెలలో బడి తెరిచారు. టీచరు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడింది.

"పిల్లలు బడిలో కొన్ని గంటలే ఉంటారు. మిగతా పొద్దంతా మీ దగ్గరే ఉంటారు. ఇంట్లో రోజూ ఒక అరగంట చదివించండి" అంది.

మంగమ్మ లేచి నిలబడింది.

"నాకే సరిగ్గా రాదు టీచరమ్మా. పిల్లలకి నేనేం చెబుతాను?"

"మీరు పాఠం చెప్పక్కర్లేదమ్మా. పక్కన కూర్చోండి. వాళ్ళు చదువుతుంటే వినండి. ఇవాళ బడిలో ఏం చెప్పారని అడగండి. తప్పులుంటే మేం దిద్దుతాం. వినేవాళ్ళుంటే పిల్లలు చదువుతారు" అంది టీచరు.

ఆ మాట మంగమ్మకు నచ్చింది. వినడం తనకు వచ్చు కదా!

ఆ రాత్రి అన్నాలయ్యాక చాప పరిచింది. శ్రీను పుస్తకం తెచ్చుకున్నాడు. నాగమణి రాలేదు. దొడ్లో అంట్లు తోముతోంది. పొద్దున వాకిలి ఊడ్చేది నాగమణే. నీళ్ళు తెచ్చేదీ నాగమణే. శ్రీను మాత్రం తిని ఆడుకుంటాడు. ఇన్నాళ్ళూ ఇది మంగమ్మ కంటికి ఆనలేదు. ఆ రోజు ఆనింది.

"రేయ్ శ్రీనూ, తిన్న కంచం ఎవరిది వాళ్ళే కడగాలి. నీళ్ళ బిందె నువ్వూ పట్టాలి" అంది.

"మగపిల్లాడు అంట్లు తోమడమేంటే?" అంది అంకమ్మ.

"అత్తా, ఆ పిల్ల కూడా బడికి పోయొచ్చిందే కదా. దానికీ అలుపే కదా" అంది మంగమ్మ.

అంకమ్మ మరి మాట్లాడలేదు. మరునాటి నుంచి చాప మీద ముగ్గురూ కూర్చున్నారు. నాగమణి, శ్రీను, మంగమ్మ.

గోడకు ఒక క్యాలెండరు ఉంది. పిల్లలు బడికి పోయిన రోజున మంగమ్మ సున్నా చుట్టేది. పోని రోజున ఇంటూ పెట్టేది. నాగమణికి ఎర్ర పెన్సిలు, శ్రీనుకు నల్ల పెన్సిలు.

జూలై, ఆగస్టు: వానలు, కథలు

వానలు పడ్డాయి. నీళ్ళు మారాయి. శ్రీనుకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చి వెళ్ళింది. పొట్లం మీద రాసి ఉన్నది మంగమ్మ మెల్లగా చదివింది. నాగమణి పక్కనుండి సాయం చేసింది.

పొట్లం మొత్తం ఒక లీటరు మంచినీళ్ళలో కలపాలి. కాచి చల్లార్చిన నీళ్ళయితే మేలు. కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి. మళ్ళీ కొత్తగా కలపాలి.

"పొట్లం లేకపోతే ఎలాగమ్మా?" అని అడిగింది నాగమణి. మర్నాడు టీచరును అడిగి తెలుసుకుని వచ్చింది. లీటరు నీళ్ళలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేసి కలపాలి. చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు. బిడ్డ నీరసించి పోతుంటే, నెత్తురు పడుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నాగమణి ఈ మాటలను కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించింది. శ్రీనుకు తగ్గాక మంగమ్మ రోజూ ఆ కాగితం చదివేది. ఒత్తులు మళ్ళీ గుర్తుకొచ్చాయి.

ఆగస్టులో టీచరు ఒక పని ఇచ్చింది. "ఇంట్లో పెద్దవాళ్ళ చేత కథ చెప్పించుకుని రాసుకు రండి" అంది. శ్రీను నాయనమ్మ దగ్గర చేరాడు. అంకమ్మ నక్క కథ చెప్పింది. నాయనమ్మ ఎలా చెప్పిందో నాగమణి అలాగే రాసింది. శ్రీనుకు అనుమానం వచ్చింది.

"నాయనమ్మ మాటలు పుస్తకంలో మాటల్లాగా లేవు. ఇలా రాస్తే తప్పేమో!"

తప్పు కాదని టీచరు చెప్పింది. గిడుగు రామమూర్తి గారి సంగతి కూడా చెప్పింది. ఆయన 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజుల్లో పుస్తకాల భాష వేరు, జనం మాట్లాడే భాష వేరు. చదువు అందరికీ రావాలంటే జనం మాటల్లోనే పుస్తకాలు ఉండాలని ఆయన పోరాడారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ చదువు కోసమూ పాటుపడ్డారు. అందుకే ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు.

అంకమ్మ కథను బడిలో చదివి వినిపించారు. "నా కథ బడికెక్కిందా!" అని ముసలమ్మ ఊరంతా చెప్పుకుంది. అప్పటినుంచి ఆమె కూడా చాప మీదకు వచ్చి కూర్చుంది.

అక్టోబరు: వడ్డీ లెక్క

దసరా సెలవులు ఇచ్చారు. నాగమణి వడ్డీ లెక్కలు చేసుకుంటోంది. కోటయ్య మంచం మీద పడుకుని వింటున్నాడు.

"అమ్మాయ్, మన అప్పు లెక్క కట్టు చూద్దాం" అన్నాడు.

జూన్ 15న కోటయ్య 20,000 రూపాయలు అప్పు తెచ్చాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నాగమణి ఇలా కట్టింది:

100 రూపాయలకు నెలకు 2 రూపాయలు.
20,000లో నూర్లు 200 ఉన్నాయి.
200ను 2తో హెచ్చవేస్తే 400.
అంటే నెలకు 400 రూపాయల వడ్డీ.

మంగమ్మ ఆ లెక్కను తన పుస్తకంలో దించుకుంది. కింద తేదీ వేసింది. "మార్చి 15కి తొమ్మిది నెలలు" అని వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

జనవరి: మిరపకోత

సంక్రాంతి వెళ్ళింది. చేలో మిరప పండింది. ఊరంతా కోతలే. కూలీలు దొరకడం లేదు. దొరికినా కూలి ఎక్కువ అడుగుతున్నారు.

ఒక రాత్రి కోటయ్య అన్నాడు:

"నాగమణిని నెల రోజులు బడి మాన్పిద్దాం. కోతలయ్యాక మళ్ళీ పోతుంది."

నాగమణి తల వంచుకుంది. పుస్తకం మూసేసింది.

మంగమ్మ లేచి గోడ మీది పాత క్యాలెండరు తీసింది. దీపం దగ్గర భర్త ముందు పెట్టింది.

"ఇవి చూడయ్యా. జూన్ నుంచి డిసెంబరు దాకా ఎర్ర ఇంటూలు ఎన్ని? ఆరు. జ్వరం వచ్చి మూడు. పత్తి తీతకు పోయి రెండు. మీ చెల్లెలింట్లో పెళ్ళికి ఒకటి. ఇప్పుడు ఒక్క నెలలోనే ఇంతకు నాలుగింతలు పెడదామంటావా? ఇన్ని రోజులు పోయాక బడిలో చెప్పేది దానికి అర్థమవుతుందా? అర్థం కాకపోతే అదే మానేస్తానంటుంది."

"మరి కాయ చెట్టుకే ఎండిపోవాలా?" అన్నాడు కోటయ్య కోపంగా. "అప్పు ఎవరు తీరుస్తారు?"

ఆ మాటా నిజమే. మంగమ్మ దగ్గర జవాబు లేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు అంకమ్మ నోరు విప్పింది.

"నన్ను ఎనిమిదో ఏట బడి మాన్పించారు. గేదెల్ని కాయడానికి. ఒక్క ఏడాదే అన్నారురా. ఆ ఏడాది ఇంతవరకు కాలేదు."

కోటయ్య తల్లి వంక చూశాడు. ఆ సంగతి అతనికి తెలియదు.

మర్నాడు మంగమ్మ పొదుపు సంఘంలో ఈ మాట ఎత్తింది. ఇంకో ముగ్గురి ఇళ్ళలోనూ ఇదే గొడవ. నలుగురూ ఒక మాట అనుకున్నారు. ఒకరి చేలోకి ఒకరు వరసగా కోతకు పోవాలి. కూలి డబ్బు ఇచ్చిపుచ్చుకోవద్దు. పిల్లల్ని బడి మాన్పించవద్దు.

టీచరు కూడా చట్టం సంగతి చెప్పింది. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ బడి చదువు హక్కు. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. బాల కార్మిక చట్టాన్ని 2016లో మార్చారు. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు. బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని సొంత ఇంటి పనిలో సాయం చేయవచ్చు. పని కోసం బడి మాన్పించకూడదు.

మంగమ్మ చేను వరసలో మూడోది. కోత నాలుగు రోజులు ఆలస్యమైంది. కొంత కాయ తాలు అయింది. తాలు కాయకు ధర తక్కువ. కోటయ్య రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆదివారాలు నాగమణి కల్లంలో కాయ ఏరింది. సోమవారం బడికి పోయింది.

మార్చి: లెక్క చీటీ

కోటయ్య 12 టిక్కీల కాయను గుంటూరు మిర్చి యార్డుకు తోలాడు. లెక్క చీటీ తెచ్చాడు. ఎప్పుడూ దాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఈసారి చాప మీద పరిచాడు.

నాగమణి చదివింది. మంగమ్మ రాసుకుంది. మొత్తం తూకం 516 కిలోలు. క్వింటా అంటే 100 కిలోలు. క్వింటా ధర 12,000 రూపాయలు. అంటే కిలో 120 రూపాయలు. 516ను 120తో హెచ్చవేస్తే 61,920 రూపాయలు. అందులో కమిషను, హమాలీ పోను మిగతాది చేతికి వచ్చింది. చీటీలో తప్పు లేదు. లెక్క సరిపోయింది.

"ఇన్నేళ్ళూ సరిపోయిందో లేదో తెలియకుండానే డబ్బు లోపల పెట్టా" అన్నాడు కోటయ్య.

తర్వాత అప్పు తీర్చాలి. అప్పిచ్చినాయన 24,000 అని కబురు పంపాడు. మంగమ్మ తన పుస్తకం తెరిచింది. నెలకు 400. తొమ్మిది నెలలకు 3,600. అసలుతో కలిపి 23,600. ఒక నెల ఎక్కువ పడింది. కోటయ్య ఆ పుస్తకం పట్టుకుపోయి తేదీ చూపించాడు. ఆయన మళ్ళీ లెక్క చూసుకుని 23,600 తీసుకున్నాడు.

ఆ 400 రూపాయలను కోటయ్య మంగమ్మ చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు.

ఏప్రిల్: మార్కుల కార్డు

ఏప్రిల్‌లో మార్కుల కార్డులు ఇచ్చారు. మంగమ్మ కార్డు చదువుకుని సంతకం పెట్టింది. పెట్టేముందు చదవడం ఆమెకు అలవాటైంది. నాగమణికి లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. ఇంగ్లీషులో తక్కువ వచ్చాయి. శ్రీను ఇంకా ఒత్తులు తప్పుతున్నాడు. వచ్చే ఏడు చూసుకోవాలి.

నాగమణి ఎనిమిదికి వచ్చింది. హైస్కూలు పక్క ఊళ్ళో ఉంది. "ఇంకెందుకు చదువు? సంబంధం చూడండి" అంది ఒక బంధువు.

"పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేయకూడదని 2006 చట్టం చెబుతోంది వదినా" అంది మంగమ్మ. "చట్టం సంగతి అటుంచు. దాన్ని చదివిస్తానని నేను దానికి మాటిచ్చాను."

కోటయ్య పాత సైకిలు బాగుచేయించడానికి తీసుకుపోయాడు.

ఆ రాత్రీ చాప పరిచారు. అంకమ్మ పలక పట్టుకుని కూర్చుంది. శ్రీను ఆమె చేత "అ" దిద్దిస్తున్నాడు.

గుర్తుంచుకుందాం

చదువు రాని తల్లి కూడా పిల్లల చదువు వినగలదు.
ఇంటి పని ఆడపిల్లకూ మగపిల్లాడికీ సమానంగా పంచాలి.
బడికి పోని రోజులను రాసి పెట్టుకోవాలి.
బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. విద్యా హక్కు చట్టం ఈ మాట చెబుతోంది.
బాల్యవివాహం జరుగుతుంటే, పిల్లలు ఆపదలో ఉంటే 1098కి ఫోను చేయవచ్చు.

మాట్లాడుకుందాం

1. మంగమ్మ క్యాలెండరు మీద ఏం రాసేది? అది ఎప్పుడు పనికొచ్చింది?
2. కోటయ్య కోపంలో న్యాయం ఉందా? మీరైతే ఏం చేసేవాళ్ళు?
3. మీ ఊళ్ళో ఏ పనుల కాలంలో పిల్లలు బడి మానేస్తున్నారు? ఆ పని ఎలా గడుపుకోవచ్చు?

రాద్దాం

1. మీ ఇంట్లో పిల్లల పేర్లు, వాళ్ళ తరగతులు రాయండి.
2. 5,000 రూపాయలకు నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున 6 నెలలకు వడ్డీ ఎంత? లెక్క కట్టి రాయండి.
3. మీ అమ్మ చెప్పిన కథ ఒకటి, ఆమె చెప్పినట్టే రాయండి.