యారాడ కొండ పేలుతుందా?



సోషల్ పాఠంలో అగ్నిపర్వతం బొమ్మ చూసినప్పటి నుంచి ఐదో తరగతి చెల్లెళ్లు ఒకటే అడుగుతున్నారు, "యారాడ కొండ కూడా పేలిపోతుందా అక్కా?" అని. ఇద్దరు పిల్లలు రాత్రిపూట భయపడుతున్నారు కూడా. జవాబు ముందే చెప్పేస్తాను. పేలదు. ఎందుకు పేలదో చదవండి.

శిలాద్రవం ఎలా పుడుతుంది?

భూమి లోపల కరిగిన రాయిని శిలాద్రవం (మాగ్మా) అంటారు. అది బయటకొస్తే లావా. మన కాళ్ల కింద అంతా నిప్పుల ద్రవమే ఉందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. భూపటలం, దాని కింద ఉన్న మాంటిల్ చాలావరకు గట్టి రాయే. ఆ రాయి కరగాలంటే మూడు కారణాల్లో ఒకటైనా ఉండాలి.

1. మీది బరువు తగ్గాలి. వేడి రాయి పైకి లేచినప్పుడు ఒత్తిడి తగ్గి కొంత కరుగుతుంది.

2. నీరు చేరాలి. స్టీలు ప్లాంటు కొలిమిలో ఇనుప ఖనిజంతో పాటు సున్నపురాయి వేస్తారు. అది ఖనిజంలోని ఇసుకలాంటి వ్యర్థంతో కలిసి దాన్ని తేలిగ్గా కరిగిస్తుంది. భూమి లోపల ఆ పని నీరు చేస్తుంది. సముద్రపు పలక కిందికి దిగేచోట ఇలాగే జరుగుతుంది. అండమాన్ దగ్గర బ్యారెన్ దీవి అలాంటి అగ్నిపర్వతమే. చాలా కాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది.

3. వేడి పెరగాలి.

ఖండం ఖండాన్ని ఢీకొంటే?

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మన దేశపు పలక ఆసియాని ఢీకొంది. ఖండాల రాయి తేలిక. అందుకని సముద్రపు పలకలాగ సులువుగా మునగదు. ముడతలు పడి మందం అవుతుంది. మామూలుగా 35, 40 కిలోమీటర్లుండే భూపటలం టిబెట్ కింద 70 కిలోమీటర్ల దాకా ఉంది. లోతుకి పోయిన రాళ్లలో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా వేడినిస్తాయి. నాలుగు రగ్గులు కప్పుకున్నట్టు ఆ వేడి లోపలే ఉండిపోతుంది. అప్పుడు అభ్రకం విడిపోయి, అందులో దాగిన నీరు బయటపడి, రాయి కొంచెం కొంచెం కరుగుతుంది.

ఈ ద్రవం ముదురు బెల్లం పాకంలా జిగటగా ఉంటుంది. పైకి రాలేక లోపలే గడ్డకట్టి గ్రానైట్ అవుతుంది. హిమాలయాల్లో సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి తెల్లటి గ్రానైట్ అలా వచ్చిందే. అందుకే అక్కడ అగ్నిపర్వతాల వరస లేదు.

అన్నిచోట్లా ఇలాగే ఉండదు. ఒక్కోచోట కిందికి దిగిన పలక తెగిపోతే, ఆ సందులోకి వేడి మాంటిల్ లేచి కరుగుతుంది. ఖండాలు ఢీకొంటున్న టర్కీలో అరారత్ అనే అగ్నిపర్వతం ఉంది. అది 1840లో పేలింది.

మరి మన కొండలు?

మన తూర్పు కనుమలు కూడా అలాంటి ఢీకొట్టుడులో తయారైనవే. కానీ అది సుమారు 100 కోట్ల ఏళ్ల నాటి మాట. అప్పుడు ఈ నేల, అంటార్కిటికా కలిసి ఉండేవి. యారాడ కొండలోని రాయి పేరు ఖోండలైట్. అది మొదట లావా కాదు, నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక! లోతుకి పోయి, ఉడికి, రూపాంతర శిల అయింది. పాడేరు దగ్గరి కొన్ని రాళ్లు 900 డిగ్రీలకు మించి వేడెక్కాయని శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. ఆ వేడికి రాయిలో కొంత భాగం కరిగి, చారలుగా గడ్డకట్టింది. విశాఖ చుట్టుపక్కల కొండరాయిలో తెల్ల చారలు, వాటిలో ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు గార్నెట్. ఆ చారలే ఒకప్పటి శిలాద్రవం. అది ఎప్పుడో చల్లారిపోయింది. పైనున్న రాయంతా కోట్ల ఏళ్లు వాన, గాలికి అరిగిపోయి, లోపలి రాయి బయటపడింది. ఇప్పుడిక్కడ ఏ పలకా ఢీకొనడం లేదు. కాబట్టి చెల్లెల్లారా, నిశ్చింతగా పడుకోండి.

మీకు తెలుసా?

ఖోండలైట్ అనే పేరు ఎక్కడిదో తెలుసా? మన కొండల్లో ఉండే ఖోండుల పేరే! 1902లో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టేడు. కోణార్క్ గుడి కట్టింది ఈ రాయితోనే. శ్రీలంకలోనూ ఇలాంటి రాయిని ఇదే పేరుతో పిలుస్తారు. మా ఊళ్లో చదువు రాని ముసలమ్మలకి ఈ సంగతి తెలీదు. సెలవులకి వెళ్లినప్పుడు చెప్పాలి.

ఇంకో మాట. ఈ ఖోండలైట్ లక్షల ఏళ్లు వానకి నాని మెత్తబడితే, మన ఏజెన్సీ కొండల మీద బాక్సైట్ అవుతుంది. దానినుంచి అల్యూమినియం తీస్తారు. రేపు ఎవరైనా కాగితాలు పట్టుకొని మన కొండకొచ్చి చదివితే, అందులో ఏముందో మనకీ తెలియాలి. మా అమ్మా నాన్న వేలిముద్ర వేస్తారు. నేను చదివి సంతకం పెడతాను. అందుకైనా మనం రాళ్ల పాఠం నేర్చుకోవాలి.

ఆలోచించండి

1. లావాకి, శిలాద్రవానికి తేడా ఏమిటి?
2. హిమాలయాల్లో అగ్నిపర్వతాల వరస ఎందుకు లేదు?
3. మీ ఊరి కొండరాయిలో ఎర్ర చుక్కలున్నాయా? ఈసారి చూసి వచ్చి చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని