చక్కెర లేని తీపి: సార్బిటాల్ గుణదోషాలు

మా అమ్మగారు పదిహేనేళ్లుగా మధుమేహంతో బాధపడుతున్నారు. గత సంక్రాంతికి బంధువులొకరు ‘చక్కెర లేనిది’ అని ముద్రించిన మిఠాయి పెట్టె తెచ్చి ఇచ్చారు. “పంచదారే లేనప్పుడు ఇంక భయమెందుకురా నాయనా” అంటూ ఆమె నిస్సంకోచంగా తిన్నారు. మూడవనాటికి కడుపుబ్బరం, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. మజ్జిగలో శొంఠిపొడి కలిపి ఇచ్చినా ఫలితం లేకపోయింది. మిఠాయి తినడం ఆగలేదు కదా! చివరకు పెట్టె వెనుక చిన్న అక్షరాలు చదివితే కారణం తెలిసింది. అది సార్బిటాల్.

ఆ పేరు వినగానే అమ్మ కంగారుపడి, “నా కంట్లో పేరుకుంటున్నదని కంటి డాక్టరుగారు చెప్పింది ఇదేనా?” అని అడిగారు. ఈ సందేహం పాఠకులలో చాలామందికి కలగవచ్చును.

ఏమిటీ పదార్థం?

సార్బిటాల్ ‘చక్కెర ఆల్కహాలు’ వర్గానికి చెందినది. ఆల్కహాలు అనగానే మద్యమని భ్రమపడనవసరం లేదు. అది రసాయన నిర్మాణాన్ని బట్టి వచ్చిన పేరే కాని, దీనికి మత్తు కలిగించే గుణం లేదు. 1872లో బూసెంగో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సార్బస్ జాతి చెట్టు పండ్ల నుండి దీనిని వేరుచేశాడు. ఆపిల్, బేరి పండ్లలోను ఇది సహజంగా ఉన్నది. నేడు గ్లూకోజుకు హైడ్రోజను చేర్చి తయారుచేస్తున్నారు. దీని తీపి పంచదార తీపిలో సుమారు 60 శాతం. పంచదార గ్రాముకు 4 కిలోకాలరీల శక్తినిస్తే, ఇది సుమారు 2.6 ఇస్తుంది. అంటే శక్తి తక్కువే కాని, శూన్యం కాదు.

ప్రయోజనాలు

ప్రేగులు దీనిని నెమ్మదిగా, అసంపూర్ణంగా గ్రహిస్తాయి. కనుక రక్తంలో గ్లూకోజు ఒక్కసారిగా పెరగదు. నోటిలోని సూక్ష్మజీవులు దీనిని పంచదారవలె త్వరగా ఆమ్లంగా మార్చలేవు. కనుక దంతక్షయ భయం తక్కువ. చక్కెర లేని దగ్గుమందులలో తీపికొరకు, టూత్‌పేస్టు ఎండిపోకుండా తేమకొరకు దీనిని వాడుతారు. మలబద్ధకానికి వైద్యులు దీనిని విరేచనకారిగా ఇస్తారు. విటమిన్ సి తయారీకి 1930లలో రైక్‌స్టైన్ రూపొందించిన పద్ధతికి మూలపదార్థం కూడా ఇదే.

కడుపులో జరిగేది

మందుగా పనిచేసే ఆ గుణమే మితిమీరితే రోగమవుతుంది. ప్రేగులు గ్రహించని సార్బిటాల్ నీటిని తనవైపు లాగి విరేచనాలు కలిగిస్తుంది. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టడం వల్ల వాయువు పుడుతుంది. రోజుకు 50 గ్రాముల సార్బిటాల్ కడుపులోకి చేరే అవకాశమున్న తినుబండారాలపై విరేచన హెచ్చరిక ముద్రించాలని అమెరికాలో నియమమున్నది. కొందరికి 10, 20 గ్రాములకే బాధ మొదలవుతుంది.

కంటిలో జరిగేది

అమ్మ ప్రశ్నకు సమాధానమిది. కంటిలో పేరుకునే సార్బిటాల్ మిఠాయి నుండి వచ్చినది కాదు. రక్తంలో గ్లూకోజు అధికమైనప్పుడు, కంటి కటకంలోని ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము ఆ గ్లూకోజునే సార్బిటాల్‌గా మారుస్తుంది. అది కణం దాటి సులభంగా వెలుపలకు పోలేదు. అక్కడే నిలిచి నీటిని లాగుతుంది. మధుమేహ రోగులలో శుక్లాలు త్వరగా రావడానికి ఇదొక కారణం. కనుక భయపడవలసినది పెట్టెలోని సార్బిటాల్‌కు కాదు, అదుపు తప్పిన గ్లూకోజుకు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మధుమేహం కలిగించిన ఎలుకలకు ఆహారంలో పసుపు, ఉసిరి ఇచ్చి చూడగా శుక్లాలు ఆలస్యంగా ఏర్పడినట్లు 2005, 2007లలో ప్రకటించారు. ఇది ఆశాజనకమే, అయితే ఎలుకలలో కనిపించిన ఫలితాన్ని నమ్మి మనుషులు మందులు మానరాదు.

గృహిణులకు సూచనలు

పొట్లం వెనుక ‘సార్బిటాల్’ అనిగాని, ‘420’ అనే సంకేతసంఖ్యగాని ఉన్నదేమో చూడండి. ఉంటే ఒకటి రెండు ముక్కలతో సరిపెట్టండి. గ్రహణి బాధ ఉన్నవారు దీనికి దూరంగా ఉండటం మేలు. పుట్టుకతోనే ఫ్రక్టోజు సరిపడని పిల్లలకు ఇది బొత్తిగా పనికిరాదు. కాలేయంలో ఇది ఫ్రక్టోజుగా మారి ప్రమాదం తెస్తుంది. మిఠాయిలో చక్కెర లేకున్నా పిండి, నెయ్యి ఉంటాయని మరువకండి.

చరక సంహిత సూత్రస్థానంలో ఆహార పరిమాణాన్ని గురించి ‘మాత్రాశితీయం’ అనే అధ్యాయమే ఉన్నది. మిఠాయి మానిన రెండు రోజులకు అమ్మ కోలుకున్నారు. ఇప్పుడామె ఏ పెట్టె వచ్చినా ముందు నాచేత వెనుకవైపు చదివిస్తున్నారు. మాత్రలు వేళకు వేసుకుంటూ, ఏడాదికొకసారి కంటిపరీక్షకు తామే గుర్తుచేస్తున్నారు.