వెనక్కి వస్తే సరిపోతుందా?

బుజ్జీ,

భౌతిక మార్పులు, రసాయన మార్పులు పాఠంలో నీకు పదికి పది వచ్చాయని అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. కానీ నువ్వు గుర్తుపెట్టుకున్న సూత్రమే ఈ తాతయ్యకు మింగుడుపడలేదు. వెనక్కి తేగలిగితే భౌతికం, తేలేకపోతే రసాయనం అన్నావట. మైనానికి, ఐసు ముక్కకు, కాలిన కాగితానికి అది బాగానే పనిచేస్తుంది. ఇంట్లో ఇంకో నాలుగు వస్తువుల దగ్గరకు తీసుకెళ్తే బోల్తా పడుతుంది.

బియ్యం మరకు తీసుకెళ్లి పిండి పట్టిస్తారు కదా. ఆ పిండిని మళ్లీ గింజలుగా చేసే మొనగాడు ఎవడూ పుట్టలేదు. అయినా అది భౌతిక మార్పే, ఎందుకంటే గింజలో ఉన్న పదార్థమే పిండిలోనూ ఉంది. చేయి జారి పగిలిన గాజు గ్లాసు సంగతీ అంతే.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడేది సున్నం.

పల్నాడులో పిడుగురాళ్ల పేరు చెప్పగానే సున్నపు బట్టీలు గుర్తొస్తాయి. ఆ ప్రాంతపు సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. బట్టీలో వేడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే రాయిలోంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి గాలిలో కలుస్తుంది, కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. లెక్క వేస్తే, 100 కిలోల శుద్ధమైన రాయిని పూర్తిగా కాలిస్తే చేతికి వచ్చేది 56 కిలోలే. మిగతా 44 కిలోలూ కంటికి కనిపించని వాయువై పోయాయి. విచిత్రం ఏమిటంటే, కాలిన రాయి చూడటానికి ఇంకా రాయిలాగే ఉంటుంది. చేత్తో ఎత్తితేనే తేలిగ్గా తగులుతుంది. కళ్లను మాత్రమే నమ్ముకున్నవాళ్లు ఇక్కడ ఏమీ మారలేదనే అంటారు.

ఆ రాయిని నీళ్ల తొట్టిలో వేసినప్పుడు చూడాలి. మొదట సుయ్‌మని బుడగలు వస్తాయి. కాసేపటికి రాయి నెర్రెలిచ్చి, ఉబ్బి, పొడిపొడిగా విచ్చుకుంటుంది. తొట్టిలో నీళ్లు కుతకుత ఉడుకుతాయి. కింద పొయ్యి లేదు, మంట లేదు. 56 కిలోల కాల్షియం ఆక్సైడ్ 18 కిలోల నీటితో కలిసి 74 కిలోల కాల్షియం హైడ్రాక్సైడ్‌గా మారేటప్పుడు పుట్టే వేడి అది. అడుగున వెన్నలా మిగిలేదే తడి సున్నం. (ఇది మాత్రం నువ్వు చేసి చూడకు. కాస్త చింది కంట్లో పడినా చూపుకే ముప్పు.)

పండక్కి గోడలకు వేసిన సున్నం ఆరిపోతే పని అయిపోయిందనుకుంటాం. ఆరడమంటే నీళ్లు ఆవిరైపోవడం, అది భౌతిక మార్పు. అసలు పని ఆ తర్వాతే సాగుతుంది. గాలిలో ఉన్న కాస్త కార్బన్ డయాక్సైడ్‌నే నెమ్మదిగా పీల్చుకుంటూ ఆ పూత మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది, గట్టిపడుతుంది. గనిలో ఉన్న పదార్థమే ఇప్పుడు గోడ మీద పలచని పొరగా చేరింది. మూడు రసాయన మార్పులు జరిగి, కథ బయల్దేరిన చోటికే వచ్చింది. వెనక్కి రానిదే రసాయన మార్పు అనేవాళ్లు దీన్ని ఏ గడిలో వేస్తారో తాతయ్యకు తెలుసుకోవాలనుంది.

ఈ సంగతిని తక్కెడతో పట్టుకున్నవాడు స్కాట్లండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్. కాలిన సున్నానికి ఉండే ఘాటు నిప్పులోంచే వచ్చి చేరుతుందని అంతకుముందు చాలామంది నమ్మేవారు. బ్లాక్ కాల్చకముందూ కాల్చాకా తూచి చూశాడు. చేరడం మాట అటుంచి, బరువు తగ్గింది. పోయింది ఒక వాయువని 1756లో అచ్చయిన తన పరిశోధనలో చూపించాడు. నువ్వు అడగాల్సిన ప్రశ్న కూడా ఆయనదే: ఇప్పుడు చేతిలో ఉన్నది ముందున్న పదార్థమేనా, కొత్తదా?

ఈ ప్రశ్నతో వంటింట్లోకి వెళ్లు. కొత్త దంపతులకు దిష్టి తీసే ఎర్రనీళ్లు నువ్వు చూసే ఉంటావు. పసుపు కలిపిన నీళ్లలో ఇంత సున్నం వేస్తే ఎర్రబడతాయి. పసుపులోని కుర్కుమిన్ అణువు సున్నం లాంటి క్షారం తగలగానే హైడ్రోజన్‌ను వదులుకుని వేరే రూపం పొందుతుంది. అందులో నిమ్మకాయ బాగా పిండితే పోయిన హైడ్రోజన్ తిరిగొస్తుంది, నీళ్లు మళ్లీ పచ్చబడతాయి. చిటికెలో వెనక్కి వచ్చినా అది రసాయన మార్పే. అలాగని రంగు మారిన ప్రతిదీ రసాయనం కాదు. సిరా చుక్క బకెట్ నీళ్లలో పడి పలచబడితే కొత్త పదార్థమేదీ పుట్టలేదు.

బుడగలూ ఇలాగే తికమక పెడతాయి. గోలీసోడా కొట్టగానే పైకి పొంగేది కార్బన్ డయాక్సైడ్. వంటసోడా మీద నిమ్మరసం పోస్తే పొంగేదీ అదే. సీసాలోది ఎప్పుడో ఒత్తిడితో నీళ్లలో కరిగించిన వాయువు, గోలీ లోపలికి నొక్కగానే బయటపడింది. వంటసోడాలో ఆ వాయువు వాయువుగా లేనే లేదు, నిమ్మరసం తగిలాక తయారైంది.

అమ్మ పాకం పట్టేటప్పుడు పొయ్యి పక్కన నిలబడు. చక్కెర నీళ్లలో కరగడం, నీళ్లు ఆవిరవుతూ తీగ పాకం రావడం, ఇంతవరకూ చాలామటుకు భౌతికమే. నీళ్లు పోతున్నకొద్దీ గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటి పైకి పోతూనే ఉంటుంది. సుమారు 160 డిగ్రీలు దాటితే పాకం గోధుమరంగుకు తిరిగి, కమ్మని వాసన వేసి, వెంటనే దింపకపోతే చేదెక్కుతుంది. చక్కెర అణువులే విరిగి కొత్తవి పుట్టాయన్నమాట. ఒకే గిన్నెలో ఒక మార్పు వెనకే ఇంకోటి నడిచింది. గీత ఎక్కడ దాటిందో చెప్పమంటే అమ్మ ముక్కు తాతయ్య కళ్లద్దాల కన్నా నయం.

చివరగా ఒక తగువు మిగిలింది. ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం, క్లోరైడ్ అయాన్లు విడివడి నీటి అణువుల మధ్య చెదిరిపోతాయి. నీళ్లు ఇగిర్చితే మళ్లీ ఉప్పే వస్తుంది కాబట్టి పుస్తకాలు దీన్ని భౌతిక మార్పు అంటాయి. అయాన్ల మధ్య బంధం తెగింది కదా, అంత తేలిగ్గా ఎలా తేల్చేస్తారని అడిగే రసాయన శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్ల వాదన తాతయ్యకు నచ్చుతుంది. పరీక్షలో మాత్రం భౌతిక మార్పు అనే రాయి, మార్కు పోగొట్టుకోకు.